పక్కవాటాలో మగమనిషి

వెర్నా హోలబ్ వాటాకీ పక్కవాటాకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఇప్పుడు తడుస్తోంది. పక్కవాటా కప్పులోంచి మంచు కరిగి దిగి, వెర్నా పడకగది గోడకి అంటించిన పూలకాగితం బూరెలా ఉబ్బింది. ఈ ఏడు కప్పు వేయించకపోతే గోడ కూలుతుందని, ఇక మీరు ఇందులో ఉండలేరని మేస్త్రి చెప్పి వెళ్ళాడు.

పక్కవాటా బ్యాంకుది. అందులో ఉండే సాబోవాళ్ళు అప్పు కట్టలేక ఆరేళ్ళ కిందట తాళంచెవి వెర్నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. బ్యాంకు ఏదో దూరపు రాష్ట్రంలో ఉంది. ఫోన్ చేస్తే మనిషి పలకడు, పాట వినిపిస్తుంది.

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఖాళీ ఇంటి గతి ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. ముందు రాగి గొట్టాలు పోతాయి, తర్వాత కిటికీలు పోతాయి, ఆ తర్వాత ఎవడో నిప్పెడతాడు. అందుకే పక్కిల్లు ఖాళీ అన్న సంగతి ఎవరూ బయటికి పొక్కనివ్వరు. ఒకరు తమ కారు ఆ వాకిట్లో పెడతారు, ఇంకొకరు గడ్డి కోస్తారు. వెర్నా ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టిన మనిషి, ఏ పనీ అరకొరగా చెయ్యదు. తన మంచి లేసు తెరలు తీసుకెళ్ళి అక్కడ కట్టింది. వరండా కుర్చీ, పూలకుండీలు అక్కడికి చేర్చింది. తలుపుకి దూర్చిన కరపత్రాలు రోజూ తీసేది. తన చెత్తనే రెండు డబ్బాలకి పంచి, మంగళవారం రెండు వాకిళ్ళ ముందూ పెట్టేది. మంచు పడితే, పోయిన భర్త ఎమిల్ బూట్లు తొడుక్కుని వీధిలోంచి ఆ గుమ్మం దాకా నడిచి, లోపలికి వెళ్ళి, దొడ్డిదారిన తన వాటాకి వచ్చేది. అక్కడ మగమనిషి ఉన్నాడని దొంగలు అనుకోవాలి కదా. సాబోవాళ్ళు వెళ్ళిన చలికాలమే ఎమిల్ పోయాడు. బూట్లు కొత్తవి, పారేయడానికి మనసొప్పలేదు.

ఇంతలో ఊరి కౌన్సిలు కొత్త నిబంధన తెచ్చింది. ఇల్లు ఖాళీ అని ఇన్‌స్పెక్టరు తేలిస్తే, దాని సొంతదారు పేరు నమోదు చేసుకుని నెలలోగా కప్పు వేయించాలి. లేకపోతే కౌన్సిలే వేయించి వాళ్ళ ముక్కు పిండి వసూలు చేస్తుంది. ఇన్‌స్పెక్టరు మాత్రం లోపలికి రాకుండా వీధిలో నిలబడే చూడాలి. ఫారంలో రాసిన ఏడు ఖాళీ ఇంటి గుర్తుల్లో నాలుగు కనిపించాలి. పక్కవాటా ఖాళీ అని తేల్చమని వెర్నా అర్జీ పెట్టింది.

ఈస్టరుకి ముందు శుక్రవారాల్లో ఆమె చర్చి భోజనాల హాల్లో చేపలు వేయిస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం చేపల పొట్లంతో ఇంటికొచ్చేసరికి తలుపుకి పసుపు కాగితం అంటించి ఉంది. ఈ ఇల్లు ఖాళీ అని తేలినది, అని. అంటించింది పక్క తలుపుకి కాదు, తన తలుపుకి.

సోమవారం లామార్ టిబ్స్ అనే ఇన్‌స్పెక్టరు ఫారం పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"ఇందులో నేనుంటున్నాను నాయనా" అంది వెర్నా.

"కనిపించడం లేదమ్మా."

"నీ ఎదురుగానే ఉన్నాగా."

"మనుషులు లెక్కలోకి రారు. గుర్తులు కావాలి. మీ కిటికీకి పాత దుప్పటి, గుమ్మం నిండా కరపత్రాలు. వరండాలో కుర్చీ లేదు, మంచులో ఒక్క అడుగూ లేదు."

"నేను దొడ్డిదారిన తిరుగుతాను. ఖాళీ ఇల్లు అది."

లామార్ అటు చూశాడు. "అందులో ఎవరో పెద్దాయన ఉంటున్నాడే. మంచులో అడుగులు చూస్తే బూటు పన్నెండో నంబరు ఉంటుంది. మీకంటే శుభ్రమైన మనిషి."

"అవి మావారి బూట్లు. నేనే తొడుక్కుని తిరుగుతాను."

లామార్ ఆమె పాదాల వంక చూశాడు. "ఇంత బాగా చేశాక నేనేం చెయ్యనమ్మా? శుక్రవారం పొద్దున వస్తాను. ఈలోగా దీన్ని అలా, దాన్ని ఇలా మార్చెయ్యండి. ఆ పెద్దాయన రాకపోకలు కూడా మాన్పించండి."

వెర్నా రెండు రోజుల్లో తెరలు, కుర్చీ, కుండీలు వెనక్కి తెచ్చుకుంది. తన గుమ్మం ఊడ్చుకుంది. పక్క గుమ్మం ఊడవలేదు, అది చాలా కష్టమైంది. గురువారం పొద్దున మంచు పడింది. అలవాటు కొద్దీ ఒక బూటు తొడుక్కుంది. రెండోది తొడుక్కుంటే గోడ పోతుందని గుర్తొచ్చి, ఒంటి బూటుతో మెట్టు మీద కూలబడింది. ఆ రోజంతా కిటికీలోంచి పక్క గుమ్మం వైపు చూస్తూనే ఉంది. ఎవరూ ఇంటికి రాలేదు. ఎమిల్ పోయిన రోజున వచ్చినవాళ్ళకి వండిపెట్టే హడావిడిలో ఆమెకి ఏడవడానికి తీరలేదు. గురువారం ఏడ్చింది.

శుక్రవారం లామార్ వీధిలో నిలబడి టిక్కులు పెట్టాడు.

"తెరల్లేవు. కుర్చీ లేదు. కరపత్రాలు ఉన్నాయి. మంచులో అడుగుల్లేవు. నాలుగూ సరిపోయాయి. ఇంకొక్కటమ్మా. ఇక్కడ చివరగా ఉన్నాయన ఎప్పుడు వెళ్ళాడని రాయమంటారు? నెల దాటకపోతే చెల్లదు."

సాబోవాళ్ళు వెళ్ళిన తేదీ చెబితే సరిపోయేది. వెర్నా తన తలుపు పక్కన ఆరబెట్టిన బూట్ల వైపు చూసింది.

"ఆరేళ్ళయింది."

"తిరిగొచ్చే ఉద్దేశం ఉందా? అది కూడా అడిగారు ఇందులో."

"రాడు" అంది వెర్నా.

లామార్ అది కూడా రాసుకుని, పసుపు కాగితం అంటించడానికి పక్క గుమ్మం వైపు నడిచాడు. మంచులో ఆ గుమ్మం దాకా మగవాడి అడుగులు పడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి.