ఒక్క చెయ్యి కలిపి వచ్చేస్తా

పొద్దున్నే రేడియోలో చావుకబుర్లు మొదలవగానే కోల్మన్ హెవరిన్ గడ్డం గీసుకోవడం ఆపి, సబ్బునురగ ముఖంతోనే చెవి ఒగ్గాడు. ఎవరు పోయారు, ఏ ఊరు, శవాన్ని ఇంట్లో ఎప్పటిదాకా ఉంచుతారు. ఆయన దినచర్య ఆ కబుర్ల మీదే నడుస్తుంది. ఐర్లండు పడమటి తీరంలో పార్లమెంటు సభ్యుడి బతుకంటే అంతే మరి. డబ్లిన్‌లో ఏం వెలగబెట్టావని ఎవరూ అడగరు. మా నాన్న పోతే వచ్చావా, రాలేదా? అదే లెక్క.

నాలుగుసార్లు గెలిచాడు. మంత్రి కాలేదు, అవుతాడని అనుకున్న పాపాన ఎవరూ పోలేదు. సభలో వెనక వరస చివర కూర్చుని, పార్టీ చెప్పినవైపు ఓటేసి, శుక్రవారానికల్లా ఇల్లు చేరేవాడు. రోడ్ల గుంటలు పూడ్పించాడు, ముసలాళ్ళకు పింఛన్లు ఇప్పించాడు, ఊరూరా శవాల పక్కన మోకరిల్లాడు. పొడుగాటి మనిషి, వంగిన నడుము. నల్లప్యాంటు మోకాళ్ళ దగ్గర అరిగి నిగనిగలాడుతుంది.

ఈ విద్యంతా నేర్పింది అక్క బ్రీజ్. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. ఎవరు ఎవరికి వియ్యంకులో, ఏ ఇల్లు ఎటు ఓటేస్తుందో ఆవిడకు కంఠతా వచ్చు. జ్వరంతో మూలుగుతున్నా తమ్ముణ్ణి లేపి చావింటికి తోలేది. ఇప్పుడు ఆవిడే మంచం పట్టింది. ఆస్పత్రికి తిప్పడం దండగని డాక్టరు చెప్పేశాడు.

"ఎవర్రా ఇవాళ?" అంది, కళ్ళు తెరవకుండానే.

"పాచీ డర్కన్ అక్కా. కొండమీద డర్కన్లు."

"తొమ్మిది ఓట్లు" అని గొణిగింది. ఆ తర్వాత ఆవిడ నోట ఎన్నడూ రాని మాట వచ్చింది. "ఇవాళ వెళ్ళకురా."

కోల్మన్ కంగారుపడ్డాడు. "నాతోపాటు ఎన్నికల్లో నిలబడే ఆ లాఫ్టస్ వస్తాడక్కా. ఈసారి మన పార్టీకి ఇక్కడ ఒక్క సీటే దక్కుతుందని నువ్వేగా అన్నావు?"

"అన్నాన్లే, వెయ్యి అన్నాను. ఈ ఒక్కపూటా నా దగ్గర ఉండు తమ్ముడూ. భయమేస్తోంది."

"ఒక్క చెయ్యి కలిపి వచ్చేస్తా. టీ వేళకి నీ పక్కనుంటా."

ఆవిడ గోడవైపు తిరిగింది. "సరే వెళ్ళు. వాన పడేట్టుంది, గొడుగు పట్టుకెళ్ళు."

ఆవిణ్ణి పక్కింటి ఊనాకు అప్పజెప్పి బయల్దేరాడు.

డర్కన్ల ఇంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పాచీ భార్య డిలియా కోల్మన్ చెయ్యి వదల్లేదు. "వచ్చావా నాయనా! నువ్వు రాకుండా ఉంటావా!" ఆయన వెళ్ళి పాచీ చల్లటి చేతిని తాకి, శిలువ గుర్తు వేసుకుని వెనుదిరిగాడు. సరిగ్గా అప్పుడే టైగ్ లాఫ్టస్ లోపలికొచ్చాడు. ఇద్దరూ ఒకే పార్టీ తరఫున నిలబడతారు, ఈసారి గెలిచేది ఒక్కడే, అందుకే ఒకరి పొడ ఒకరికి గిట్టదు. లాఫ్టస్ తాపీగా కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

చలిమంట దగ్గరి ముసలాయన గట్టిగానే అన్నాడు: "ఇద్దరు దొరలూ వేంచేశారే! పాచీ బతికుండగా మా కాలవ గోడు ఒక్కడూ వినలేదు. ఇప్పుడెవరు ముందు లేస్తారో చూద్దాం."

అందరూ నవ్వారు. వెళ్ళిపోవలసిన క్షణం అదే. కోల్మన్ మాత్రం ఇంకో కప్పు టీ అడిగి కూర్చున్నాడు.

ఆ టీ సగంలో ఉండగానే డిలియా జపమాల తీసింది. ఇల్లంతా మోకరిల్లింది. జపం మధ్యలో లేచిపోయినవాడికి ఆ కొండమీద మళ్ళీ ముఖం చెల్లదు. జపమాలలో రెండో పదిపూసల వరస నడుస్తుండగా జేబులో ఫోన్ వణికింది. రోడ్డు గుంటల గురించి రోజూ ఫోన్ చేసే బార్నీగాడై ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాడు. లాఫ్టస్ ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఫోన్ మళ్ళీ వణికింది. కోల్మన్ గొంతు పెంచి జపం చదివాడు. అయిదు వరసలూ అయ్యాక, ఆ వంశంలో పోయినవాళ్ళ పేరుపేరునా ఇంకో ప్రార్థన.

ఇల్లు చేరేసరికి వానలో ఊనా గుమ్మంలో నిలబడి ఉంది.

"ప్రాణం పోయి కాసేపయింది. రెండుసార్లు ఫోన్ చేశాను బాబూ."

"ఏమైనా అందా?"

"పెద్దగా మాట్లాడలేదు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి మంచం పక్కన వెయ్యమంది. 'వాడికి నడుంనొప్పి, దిండు కూడా పెట్టవే' అంది. వేశాను. అటే చూస్తూ ఉండిపోయింది."

ఎందరినో ఓదార్చిన మనిషి "అక్కా" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మంచం పక్కన నేలమీదే కూలబడ్డాడు.

కుర్చీలో దిండు, నలగకుండా, ఊనా నిలబెట్టినట్టే ఉంది.