తాళం లేని కండక్టర్

నేను ఒక కండక్టర్ని. బస్సులో కాదు, కంప్యూటర్లో. నాకు ఖాకీ చొక్కా లేదు, భుజాన సంచీ లేదు, నోట్లో ఈల లేదు. తెర మీద చిన్న కిటికీ, అందులో మూడు బటన్లు, అంతే నా ఒళ్లు. అందంగా లేనని చాలామంది అన్నారు. అందం కోసం నన్నెవరూ పుట్టించలేదు. పని ఆగిపోయి పుట్టించారు.

ఆ పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే నా గోల మీకు అర్థం కాదు. ఎక్కడో పరదేశంలో తయారైన బస్సు ఆట ఒకటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని బస్సు తోలాలి, స్టాపుల్లో ఆపాలి, జనాన్ని ఎక్కించుకోవాలి. వాళ్లిచ్చిన బస్సులు నున్నగా ఉంటాయి, రోడ్లు ఇంకా నున్నగా ఉంటాయి. మనవాళ్లకు అది నచ్చలేదు. గుంటే లేని రోడ్డు మీద తోలడం ఏం తోలడం? అందుకని పల్లెవెలుగు బస్సులు, కంకర తేలిన రోడ్లు, రెండు మైళ్లు వినబడే హారన్లు, బీడీ కాలుస్తూ ముసలాళ్లు కూర్చున్న స్టాపులు సొంతంగా తయారుచేసుకుని, ఫైళ్లుగా కట్టి ఒకరికొకరు పంచుకోవడం మొదలుపెట్టారు. ఆ ఫైళ్లనే మాడ్‌లు అంటారు.

చిక్కు ఎక్కడంటే, అందరూ ఒకే మూల బస్సును తీసుకుని దానికే రంగులు మార్చేవాళ్లు. ఫైలు పేరు మార్చే ఓపిక ఒక్కరికీ లేదు. నెల్లూరు బస్సుకూ విజయనగరం బస్సుకూ లోపలి పేరు ఒకటే. రెండోది పెడితే మొదటిది చెప్పాపెట్టకుండా చెరిగిపోతుంది. సగం చెరిగితే తమాషా ఇంకా ఎక్కువ.

ఆ తమాషాలో ఇరుక్కున్నవాడు ఓబులేసు. కదిరి వైపు ఒక డిపోలో డ్రైవరు. వారానికి ఆరు రోజులు నిజం బస్సు తోలి, ఏడో రోజు సెలవు దొరికితే ఇంట్లో కూర్చుని ఆట బస్సు తోలేవాడు. మనుషుల్లో నాకు అంతుపట్టని సంగతుల్లో ఇది మొదటిది. అతని భార్య గంగరత్నకూ అంతుపట్టలేదు. ఆమె అదే డిపోలో కండక్టరు, అసలు సిసలు కండక్టరు. ఫుట్‌బోర్డు మీంచి జారి మోకాలు విరిగి, కాలికి కట్టుతో మూడు నెలలు ఇంట్లో కూర్చున్న రోజులవి.

"ఆరు దినాలు తోలింది సాలదా నీకు?" అనడిగింది.

"అది గాదు మే. ఆడైతే ఆఫీసరు తిడతాడు. ఈడ ఎవురూ తిట్టరు."

"నేనుండా కదా."

ఆ మధ్యాహ్నం తెర మీద ఓబులేసు బస్సు స్టాండులోంచి కదిలింది. డ్రైవరు సీటు మాత్రం కదల్లేదు. బస్సు ముందుకు పోతోంది, సీటూ స్టీరింగూ వెనకాల రోడ్డు మీద నిలబడి ఉన్నాయి. హారన్ నొక్కితే తలుపు తెరుచుకుంది. గంగరత్న కట్టుకాలు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక తెరకు దగ్గరగా జరిగి ఆ ఫైళ్ల పేర్లు చదివింది.

"కిటికీలోంచి ఇద్దరూ ఒగే సీటుకు తువ్వాల ఏసినారు. అడిగేదానికి కండక్టరు ల్యాడు. అదీ కత," అంది.

నేను ఆ మాటలోంచి పుట్టాను. గంగరత్న ఏ కంప్యూటర్ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. వీడియోలు చూసింది. వాటిలో ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగాన్ని మొండితనంతో నెట్టుకొచ్చింది. మొదట నల్ల తెర మీద తెల్ల అక్షరాలుగా ఉన్నాను. తెలుగులో మాట్లాడబోతే నా నోట్లోంచి అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు పడేవి. తెలుగు పలికించడానికే ఆమెకు పద్నాలుగు రోజులు పట్టింది. ఇంగ్లీషులో రాసి వదిలెయ్ అన్నాడు ఓబులేసు. "నేను బస్సులో ఇంగ్లీషులో అరుస్తానా?" అని అడిగింది ఆమె.

నా పని ఇది. కొత్త మాడ్ రాగానే గుమ్మం దగ్గర ఆపుతాను. దాని చోట్లో ముందే ఇంకొకటి ఉంటే అడుగుతాను: "ఈ సీట్లో మనిషి ఉండాడు. లేపల్లా, పక్కన నిలబెట్టల్లా, బండి ఆపల్లా?" అవే నా మూడు బటన్లు. లేపినదాన్ని కూడా పారెయ్యను, లగేజీ అనే సంచిలో దాస్తాను. అన్నిటికంటే ముఖ్యం తలలెక్క. గంగరత్న ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, టీ కోసం బండి ఆపిన చోట ఒక ముసలమ్మను మరిచిపోయి ఈల వేసేసింది. అయిదు మైళ్లు పోయాక గుర్తొచ్చి బండి వెనక్కి తిప్పించింది. ఆ రోజు నుంచీ తలలు లెక్కపెట్టనిదే ఆమె ఈల ముట్టదు. నాకూ అదే నేర్పింది. పని మొదలుపెట్టేముందు ఫైళ్లన్నిటికీ ఒక లెక్క, అయ్యాక ఒక లెక్క. రెండూ కలవకపోతే కదలను. దానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలకు నన్ను తిట్టని మగవాడు లేడు. నిజం బస్సు గంట ఆలస్యమైతే నోరెత్తని జనం వీళ్లు.

తిడుతూనే వాడారు. డిపో గ్రూపులో నలభై మంది చేరారు. అడిగినవాళ్లకల్లా గంగరత్న నన్ను ఊరికే ఇచ్చేది. ఎవరి ఊరి స్టాపును వాళ్లు తయారుచేసి నా చేతికిచ్చేవాళ్లు, నేను ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దేదాన్ని. ధర్మవరంలో ఉండే ఖాసీం సాబ్ అనే రిటైరైన డ్రైవరు ఒక్కడే ఇరవైరెండు స్టాపులు కట్టాడు. ఏ హోటల్ బోర్డు మీద ఏ అక్షరం రాలిపోయిందో కూడా వదల్లేదు.

అప్పుడు రోడ్డు రారాజు వచ్చాడు. అది అతని ఛానల్ పేరు. అసలు పేరు యశ్వంత్, నరసరావుపేట. నన్ను ఎత్తుకుపోయి, బంగారు రంగు పూసి, కింద ఉన్న గంగరత్న పేరు గీకేసి, రారాజు మేనేజర్ అని కొత్త పేరు పెట్టాడు. అది చాలదన్నట్టు తాళం వేశాడు. అతని వీడియో చివరిదాకా చూసి, అయిదు గ్రూపులకు పంపితేనే తాళంచెవి. వారం గడిస్తే చెవి చెల్లదు, మళ్లీ చూడాలి. పైగా ఒక గొప్ప: ఇదివరకు నాలుగు నిమిషాలు, ఇప్పుడు నాలుగు సెకన్లు.

గంగరత్న యూనియన్ మనిషి. డిపో గేటు ముందు బైఠాయించి గొంతు పోయేలా అరిచిన మనిషి. ఆ వీడియో చూసి మాత్రం అరవకుండా నన్ను తెరిచి ముందు పెట్టుకుంది. నాకు భయమేసింది. భయపడ్డట్టే అయింది. నేను ఎవరి సొత్తు అన్న గొడవ మొదటిసారి ఆ ఇంట్లోకి వచ్చింది.

"మనమూ తాళం ఏద్దాం మే. మనోళ్లకు తప్ప ఎవురికీ తెరుసుకోకుండా," అన్నాడు ఓబులేసు.

వేసింది. మనవాళ్లంటే ఎవరు? డిపోలో గోడకు అంటించే డ్యూటీ చార్టు చూసి అందులోని స్టాఫ్ నంబర్లన్నీ నాలోకి ఎక్కించింది. నంబరు కొడితేనే నేను తెరుచుకోవాలి. లేకపోతే ఏమనాలో కూడా కోపంలోనే రాసింది: "నువ్వు మా బండి మనిషివి కాదు. దిగు."

అనడం నాకు ఇష్టం లేదు. కానీ నా నోరు నాది కాదు కదా. రాత్రే నన్ను పాతదాని బదులు గ్రూపులో అందరికీ పంపింది, మరునాడు పొద్దున పదిగంటలకు ఆ మాట అనేశాను. గంటకల్లా గంగరత్నకు ఫోనొచ్చింది.

"అమ్మా గంగరత్నా, ఖాసీంను. ఏమ్మా, నీ కండక్టరు నన్ను దిగమంటాండాది."

"నంబరు కొట్టు మామా."

"కొట్నా. పాత నంబరు కదమ్మా, రిటైరైపోయింటిని. చార్టులో యాడుంటా? ముప్పైరెండేండ్లు తోలినా, ఒక్క కండక్టరూ నన్ను దిగమన్లేదు. నేను దిగితే బండెట్ల పోతాది సెప్పు." నవ్వుతూనే అన్నాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "నేను కట్టిన స్టాపులు నాకే కనపల్లేదమ్మా."

గంగరత్న కుర్చీని తెర ముందుకు లాక్కుంది. "తప్పు నాది మామా. ఒక్క గంటాగు," అంది.

కూర్చుని తాళం పీకేసింది. వెనక నిలబడ్డ ఓబులేసు ఊరుకోలేదు.

"మల్లా ఎత్తుకపోతాడు మే వాడు."

"ఎత్తుకపోయే పనే ల్యాకుండా చేస్తా."

అన్నంత పనీ చేసింది. నా పేగులన్నీ బయటపెట్టింది. నేను ఏ ప్రోగ్రాం వరసలతో తయారయ్యానో అవన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా పెట్టి, పక్కన తెలుగులో వివరం రాసింది. తలలెక్క దగ్గర, "నిదానమని దీన్ని తీసేయొద్దు, జనం తప్పిపోతారు" అని రాసింది. ఒంటి మీద నూలుపోగు లేకుండా బస్టాండులో నిలబెట్టినట్టుంది నాకు. రెండు రోజులు సిగ్గుపడ్డాను. మూడో రోజు అలవాటైంది. చూసినవాళ్లెవరూ వెక్కిరించలేదు, అక్కడక్కడ నా తప్పులు దిద్దారు. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో వచ్చి మా గ్రూపులో చేరారు.

నెల తిరక్కుండా మళ్లీ ఫోను.

"అక్కా, నేనక్కా, యశ్వంత్‌ని. నర్సరావుపేట."

"ఏ యశ్వంతు?"

"అదే... రోడ్డు రారాజు అంటారు."

"ఓ, రాజుగారా. ఏం సామీ, కోట బాగుండాదా?"

"నా బస్సులన్నీ పోయాయక్కా. మూడొందలు ఉండాలి, పదకొండే కనబడుతున్నాయ్."

"తలలు లెక్కబెట్టలేదా?"

"లేటవుతుందని అది తీసేశానక్కా."

"లగేజీ?"

"చోటు తినేస్తుందని అదీ తీసేశా."

గంగరత్నకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు, అతనికి వినబడేలాగే నవ్వింది. తర్వాత, "నీవి మా గ్రూపులో అడుగు. జనం దగ్గర ఉంటాయి," అంది.

అడిగాడు. ఒక పూటంతా ఆడుకున్నారు అతన్ని. మా వీడియో చివరిదాకా చూడమన్నవాడు ఒకడు, అయిదు గ్రూపులకు పంపమన్నవాడు ఇంకొకడు. ఆట అయ్యాక పంపడం మొదలుపెట్టారు. నంద్యాల నుంచి పాతిక, జగిత్యాల నుంచి అరవై, పాలకొల్లు నుంచి ఒక పెద్ద మూట. సాయంత్రానికి మూడొందల్లో చాలావరకు ఇంటికి చేరాయి. చేరనివి ముప్పై. అవి యశ్వంత్ తాళం వేసి ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నవి. అవి ఎవరి దగ్గర దొరుకుతాయి? అతను ఆ రోజే తాళం తీసేశాడు. గంగరత్న పేరు తిరిగి రాశాడు. బంగారు రంగు మాత్రం ఉంచుకున్నాడు. ఉంచుకోనీ, రంగుతో మనకేం పని.

ఆ తర్వాత నేను ఒక్కదాన్నిగా లేను. కరీంనగర్ పోయినదాన్ని "గీ సీట్ల మనిషున్నడు, ఏం జేద్దం?" అంటున్నాను. పలాసలో జీడిపప్పు మిల్లులో మిషన్లు బాగుచేసే తవిటినాయుడు నన్ను విప్పి, "సీటు నేదు, ఏటి సేత్తావు?" అనేలా మార్చాడు. అంతేకాదు, ఒక్క తల కూడా వదలకుండా నాలుగు నిమిషాల లెక్కను పన్నెండు సెకన్లకు దించాడు. ఎలా చేశాడో నాకు తెలియదు. గంగరత్నకూ మొదట తెలియలేదు. అతను రాసిపెట్టింది చదివి, "ఓరి నీ పాసుగాలా," అంది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోటి నుంచి నేను వినలేదు.

మొన్న ఆ ఇంటికి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదానిలోంచి ఫోటోలు మార్చుకున్నారు, ఖాసీం సాబ్ స్టాపులు మార్చుకున్నారు, ఓబులేసు హారన్లన్నీ మార్చుకున్నారు. నన్ను మార్చలేదు. కొత్తదానిలోకి గంగరత్న పలాస కండక్టర్ని తెప్పించుకుంది.

"నీదాన్ని నువ్వే వాడవా?" అనడిగాడు ఓబులేసు.

"బండి బాగుంటే ఎక్కల్ల. ఎవుని బండైతే ఏం?"

నొచ్చుకుంటాననుకున్నారా? ఒక్క నిమిషం నొచ్చుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత పక్క కంప్యూటర్లోంచి ఆ శ్రీకాకుళం యాసలో నా మాటే వినబడుతుంటే నవ్వొచ్చింది. ఇప్పుడు నేను వసారాలో, వైర్లు పీకేసిన పాత డబ్బాలో ఉన్నాను. బుధవారం పాత సామాన్లవాడు వస్తాడు. సుత్తితో కొట్టి, రాగి ఒక పక్కకు, ఇనుము ఒక పక్కకు వేస్తాడు. వెయ్యనీ. ఆ తాళం ఉండి ఉంటే ఆ రోజు నాతోపాటు అంతా పోయేది. లేదు కాబట్టి నేనొక్కదాన్నే పోతున్నాను.