ఏడో మిషను కాడి మనిషి

ఫ్లెక్సీ నా కంప్యూటర్ల రెడీగ ఉంది. "ఈ సీజన్ ఉత్తమ కార్మికురాలు కట్టమ్మ." కింద ఫోటోల రెండు కండ్లే కనవడ్తున్నయి. జనగామల మాది జిన్నింగు మిల్లు. పత్తి దుమ్ముకు ఆడోళ్లందరు ముఖానికి చున్నీ చుట్టుకునే పని చేస్తరు. మిల్లు కార్డు ఫోటో గూడ గట్లనే దిగిండ్రు. చున్నీ తియ్యమని ఎవలు అడగలె.

బీటెక్ చదివి గీ మిల్లుల హాజరు చూస్తున్న నేను. అవార్డు ఐడియా నాదే. పని మెచ్చుకుంటె మనుషులు మనసు పెడ్తరని యూట్యూబ్ జ్ఞానమంత మా సేటు వెంకట్రాజంకు ఎక్కిచ్చిన. ఎక్సెల్ల ఒత్తితె పేరు పడ్డది: కట్టమ్మ, ఏడో మిషను, నూట పన్నెండు దినాలకు నూట పన్నెండు హాజరు.

సేటు ఫ్లెక్సీ చూసిండు. "గీ కండ్లను చూసి ఎవడు గుర్తువడ్తడు మనీషా? ముఖమున్న ఫోటో తియ్యి. నాలుగింటికి ప్రోగ్రాం."

షెడ్డులకు పోయి చెప్పిన. కట్టమ్మ నా చెయ్యి పట్టి పత్తి కుప్ప ఎనుకకు గుంజుకపోయింది.

"నా పేరు తీసెయ్యి బిడ్డా."

"ఎందుకక్కా? మిక్సీ ఇస్తండ్రు."

"మిక్సీ నీ పెండ్లికి పెట్టుకో. ముఖం సూపిస్తె నా పని పోతది."

ఆమె మొగడు సాయిలుకు కిడ్నీలు పాడైనయి. వారంల రెండు దినాలు డయాలసిస్‌కు దవాఖానకు తోల్కపోవాలె. నెలల మూడు నాగాలైతె కార్డు రద్దు, మిల్లు రూలు. గందుకే ఆ దినాలల్ల చెల్లె కొమురమ్మ ఇదే కార్డు మెడల ఏస్కొని, చున్నీ చుట్టుకొని వచ్చింది. సూపర్‌వైజర్ సంపత్ ఇద్దరినీ ఒక్క పేరుతోనే అదిలిచ్చిండు.

ఆ రూలు నోటీసు టైప్ చేసింది నేనే. ఫాంటు మంచిగుందని మురిసిన గూడ.

ఉరికొచ్చి ఎక్సెల్ తెరిచిన. రెండో పేరు గీతది. మార్చేలోపట్నే సేటు ఫోన్ ఎత్తి చూపిచ్చిండు. కట్టమ్మ పేరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపులకు పోయింది, చప్పట్ల బొమ్మలు గూడ వచ్చినయి. తలుపు కాడ సంపత్ నిలవడ్డడు.

"ఫోటో ఏదమ్మా? ఆమె చున్నీ తియ్యనంటందట. నాకేందో తేడా కొడ్తంది. స్టేజీ మీద నేనే తీపిస్త."

కట్టమ్మకు ఫోన్ చేసి గా మాట చెప్పిన. ఆమె "సరే" అని పెట్టేసింది. అంతే.

నాలుగింటికి సేటు మైకుల పేరు పిలిచిండు. కట్టమ్మ ఎక్కింది. ఆమె ఎనుక ఇంకో ఆమె ఎక్కింది. గదే ఎత్తు, గవే కండ్లు, గట్లాంటిదే చున్నీ.

"కట్టమ్మ ఎవలు?" సేటు మైకు ఆపుడు మర్చిపోయి అడిగిండు.

ఇద్దరు చున్నీలు ఇప్పిండ్రు.

"నేనే కట్టమ్మను, సేటు. ఇది నా చెల్లె కొమురమ్మ. నూట పన్నెండుల ముప్పై రెండు దినాలు దీనివి. దీని కష్టం నా ఫోటో కింద రాపిచ్చుకుంటె నాకు ముద్ద దిగదు. పని తీస్తె తియ్యిండ్రి."

"మోసం సేటు," అన్నడు సంపత్. "ఇద్దరినీ బయటికి పంపాలె."

సేటు సంపత్ దిక్కు మర్రిండు. "నువ్వు రోజు ఏడో మిషను కాడనే తిరుగుతవు గద. ఎప్పుడు కనిపెట్టినవ్?"

సంపత్ చెమట తుడుచుకున్నడు. "ఇప్పుడే సేటు."

బేళ్లు మోసే పెద్దులు ఎనుకనుంచి అన్నడు, "ఈ సీజన్ల మనిషి రాక అన్ని మిషన్లు ఏదో ఒక దినం ఆగినయి సేటు. ఏడోదొక్కటే ఆగలె."

సన్మానానికి తెచ్చిన షాలువను సేటు మడత ఇప్పలె. నేను లేచిన.

"సేటూ, నాగా ఎందుకు పెట్టిండ్రని రాసే కాలమ్ నా ఎక్సెల్ల లేదు. తప్పు నాది గూడ."

సేటు షాలువ కుర్చీ మీద పెట్టిండు. "రేపు ఆ కాలమ్ పెట్టు. దవాఖాన నాగాకు కార్డు కొట్టెయ్యద్దు. ఈ కొమురమ్మకు ఇంకో కార్డు తియ్యి, ముఖంతోని. అవార్డు సంగతి తర్వాత సూద్దాం." మైకు సంపత్ చేతుల పెట్టి దిగిపోయిండు. మిక్సీ డబ్బా గట్లనే మిగిలింది.

ఆఫీసుల కార్డు ఫోటోకు కొమురమ్మను తెల్లగోడకు నిలవెట్టిన. చెవి కాడ పత్తి పోగు అంటుకొని ఉంది.

"నవ్వాల్నా బిడ్డా?"

"నీ ఇష్టమక్కా."

ఆమె నవ్వలె. "మిషను ఏదని రాస్తవ్?"

"ఏడు."

"అక్కది?"

"అదీ ఏడే."

చెవి కాడి పోగు తీసేసుకొని, నిటారుగ నిలవడి, "ఇగ కొట్టు" అన్నది.