మట్టి పైసలు

మా వైపు చావును మట్టి అంటారు. మట్టికి పోయొచ్చాం అంటే ఎవరినో సాగనంపి వచ్చామని అర్థం. సూరత్‌లో మా పద్మశాలి సంఘం నెలనెలా ప్రతి ఇంటి నుంచి కొంత డబ్బు వసూలు చేస్తుంది. దానికీ అదే పేరు, మట్టి పైసలు. ఇక్కడ సాంచాలు నడుపుతూ, అంటే మరమగ్గాల మీద పని చేస్తూ, మనవాళ్లు ఎవరు పోయినా ఆ డబ్బుతో ఐసు పెట్టె ఉన్న బండి మాట్లాడి, శవాన్ని సిరిసిల్ల వైపు సొంత ఊరికి పంపుతారు. మా నాన్న అలాగే వెళ్లాడు. డ్రైవరు పక్కన నేనూ అమ్మా ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా మా చేత ఎవరూ ఒక్క రూపాయి తీయించలేదు. ఆ డబ్బు విలువ నాకు తెలుసు. తెలిసే, అందులోంచి కొంత ఇమ్మని అడగడానికి సంఘం ముందు నిలబడ్డాను.

సాంచాలు బంద్ ఉన్న రోజది. సూరత్ శివార్లలోని ఉన్ అనే పేటలో దారం గోడౌను పైన ఒక రేకుల గది మా సంఘం ఆఫీసు. మగవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు మెట్ల దగ్గర నిలబడ్డారు. సంఘం అధ్యక్షుడు నర్సింగం పెద్దబాపు గోడకు ఆనుకుని, నన్ను చెప్పమన్నట్టు తలాడించాడు.

నేను చెప్పాను. కరీంనగర్ అవతల ఒక చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ పాతకాలపు మంత్రసానులూ నర్సులూ కలిసి ఏడాదిపాటు కాన్పు పని నేర్పుతారు. ఏ కాన్పు ఇంట్లో చెయ్యొచ్చో, ఎప్పుడు దవాఖానకు పరుగెత్తాలో చెప్తారు. ఉండడానికి, తినడానికి, ఫీజుకు డబ్బు కట్టాలి. అమ్మా నేనూ చీరలకు రాళ్లు అంటించి సంపాదించేది గది కిరాయికే చాలదు.

"మన గల్లీల వజ్రమ్మవ్వ ఒక్కతే ఉన్నది పెద్దబాపు. ఆమెకు సూపు తగ్గింది. ఆమె తర్వాత ఎవలు?"

కోశాధికారి సోమలింగం నవ్వాడు. "ఏంది నర్సింగం, శాలోళ్ల పిల్ల మంత్రసాని అయితదంట. రేపు మనం డోలు కొట్టుడు నేర్సుకుందామా?"

చాపల మీద నవ్వులు లేచాయి.

"పెండ్లి కాని పోరివి," అన్నాడు నావైపు తిరిగి. "నీకేం ఎర్కనే కాన్పంటే?"

మెట్ల మీద కూర్చున్న వజ్రమ్మవ్వ గొంతు సవరించుకుంది. ఆమెది మా కులం కాదు, డోలు వాయించే మంగలోళ్ల మనిషి. ఊళ్లో మా ఇళ్ల కాన్పులన్నీ చేసిన మనిషి. కొడుకు సూరత్ వస్తే వెంట వచ్చింది. సంఘంలో ఆమెకు చాప లేదు, మెట్టు వరకే.

"నువ్వు పెండ్లైనోనివే గదా సోమలింగం. నలుగురు పిల్లల తండ్రివి. నీకు ఎర్కుంటే రేపటిసంది నువ్వే రా, నేను పండుకుంట."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సోమలింగం కూడా నవ్వేశాడు.

నర్సింగం పెద్దబాపు మాత్రం నవ్వలేదు. "బిడ్డా, నువ్వడిగింది తప్పని నేననను. గానీ గవి మట్టి పైసలు. శవం లేంది ఒక్క రూపాయి కదలదు. ఇయ్యాల నీకిస్తే రేపింకోడు ఆటో కొనుక్కుంటనంటడు. ఎవలకని కాదందు? అదీగాక మట్టి పైసలతోని పురుడు పోసుడు నేర్సుకుంటే పుట్టే పిల్లలకు మంచిదేనా? నువ్వే చెప్పు."

విడిగా ఎవరైనా ఇస్తారేమోనని పెద్దబాపే చాపల వైపు తిరిగి అడిగాడు. ఎవరూ లేవలేదు.

మెట్లు దిగుతుంటే భాగ్యక్క నా భుజం పట్టుకుంది. ఆమెకు నెలలు నిండాయి. రెండు మెట్లకోసారి ఆగుతోంది. ఆమె, భర్త మల్లేషన్న ఉండే గది మా గది పక్కనే. మధ్యాహ్నాలు ఇద్దరం ఒకే చీరకు చెరో వైపు కూర్చుని రాళ్లు అంటిస్తాం.

"మొకం గట్ల పెట్టకు సంధ్యా. సచ్చినోళ్లకు బండి పెడ్తరు గని బతికినోళ్లకు బస్సు కిరాయియ్యరు, మన సంఘం గంతే. నా చీరల పైసలు నీకిస్త, జర జర జమ చేద్దాం."

"నీ పైసలు నీకే చాలయి అక్కా."

"చాలకుంటే మీ మల్లేషన్న ఇంకో రెండు సాంచాలు ఎక్కువ నడుపుతడు, ఏం కాదు. పట్టుమని ఒక్క పూట ఇంట్లుంటే గదా ఖర్చు పెట్టడానికి."

మొదటి కాన్పుకు ఆమె దవాఖానకే వెళ్లింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదట. వాళ్లు గుజరాతీలో ఏం అరుస్తున్నారో ఈమెకు అర్థం కాలేదు, ఈమె ఏడుపు వాళ్లకు అర్థం కాలేదు. బిడ్డ దక్కలేదు. ఈసారి తల్లి దగ్గరికి పోదామంటే, ఊరి దాకా రైల్లో కూర్చునే ఓపిక లేదంది. ఏదయితే అదయితది, ఈ గదిలోనే కంటానంది. ఎవరు చెప్పినా వినలేదు.

వజ్రమ్మవ్వ అప్పటికే నన్ను వెంట తిప్పుకుంటోంది. పెద్దగా ఏమీ చెప్పేది కాదు. నా చెయ్యి పట్టుకుని కడుపు మీద పెట్టి, ఇది తల, ఇది వీపు అనేది. ఒక్క మాట మాత్రం ప్రతిసారీ చెప్పేది.

"కాన్పైనంక తల్లి మొకం సూడకు, బట్ట సూడు. మొకం అబద్ధమాడ్తది. బట్ట ఆడది."

భాగ్యక్కకు నొప్పులు మొదలైంది పొద్దున. మా గదుల కింది షెడ్డులో సాంచాలు ఆడుతున్నాయి. మా గల్లీలో కాన్పుకు సాంచాలు ఆపరు. ఆ చప్పుడులో అరుపు బయటికి వినపడదని ఆడవాళ్లే ఆపనివ్వరు. మల్లేషన్న గదిలోకి రాకూడదు కనుక పనికే వెళ్లాడు. వెళ్లేముందు పరవడానికి గ్రే బట్ట ఇచ్చి వెళ్లాడు. సాంచా మీద నేసి ఇంకా రంగు వెయ్యని పాలిస్టర్ బట్టను గ్రే అంటారు. నేతలో తప్పు పడిన ముక్కలు సేఠ్ పనివాళ్లకు ఇచ్చేస్తాడు. మా ఇళ్లలో పరుపు కింద, పొయ్యి పక్కన, పిల్లల కింద అదే బట్ట. ఆ ముక్క ఆయన సాంచా మీదిదే.

దారం సంచులు విప్పి నేల మీద పరిచాం. పైన గ్రే బట్ట మడతలు మడతలుగా వేశాం. ఎండ నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. మాయ కూడా పడింది. వజ్రమ్మవ్వ వంగి బట్ట చూసింది, చేత్తో తడిమింది. పైన అక్కడక్కడా మరకలు, అంతే.

"మంచిగున్నది," అని పిల్లకు నీళ్లు పోయడానికి లేచింది.

సాంచాల దగ్గర పెరిగిన వాళ్లం పెదవులు చూసి మాట తెలుసుకుంటాం. భాగ్యక్క పెదవులు కదిలాయి. చలి, అంది.

"చలంటున్నదవ్వా."

"పెడ్తది బిడ్డా, పానం అలిసింది గదా. చెద్దరు కప్పు."

మా అమ్మ దుప్పటి కప్పింది. వజ్రమ్మవ్వ మళ్లీ వచ్చి, దుప్పటి ఎత్తి బట్ట చూసింది. అవే మరకలు. భాగ్యక్క నన్ను చూసి ఏదో అనబోయి నవ్వింది. పిల్ల ఎవరి పోలిక అని అడుగుతోందనుకున్నాను. నీ ముక్కే అన్నాను.

గోడ పక్కన చీరల అట్టపెట్టె ఉంది. రాళ్లు అంటించడం పూర్తయి సేఠ్‌కు వెళ్లాల్సిన చీరలు. దాని అడుగు నల్లగా తడిసి ఉంది. మోరీలోంచి మురుగు నీళ్లు వెనక్కి వచ్చాయేమోనని చీరలు పాడవకుండా పెట్టె జరిపాను. కింద ఉన్నది నీళ్లు కాదు.

మా గదుల నేల మోరీ వైపు వాలుగా ఉంటుంది. పాలిస్టర్ తడిని తాగదు, కిందికి వదిలేస్తుంది. మడతల్లోంచి జారిన నెత్తురు సంచుల మీదుగా నడిచి గోడ చేరి, పెట్టె వెనక మడుగు కట్టింది.

ఊళ్లో పాత నూలు ధోవతులు పరిచేవాళ్లు. ఎన్ని ధోవతులు తడిశాయి, అంచు దాకా తడిశాయా అన్నదే వజ్రమ్మవ్వ లెక్క. ఆ లెక్క ఆమెను ఎన్నడూ మోసం చేయలేదు. ఇప్పుడామె గ్రే బట్ట కొసను వేళ్ల మధ్య రుద్దుతూ నిలబడిపోయింది.

"గిదేం బట్టనే?" అంది. "తాగదేందే గిది?"

మల్లేషన్నను పిలిచాం. నలుగురం పట్టి ఆటోలో పడుకోబెట్టాం. నేను వజ్రమ్మవ్వ చెప్పినట్టు కడుపు మీద చేత్తో నొక్కుతూనే ఉన్నాను. దవాఖానకు పోయే సచిన్ రోడ్డు ఎక్కకముందే నా చేతి కింద ఊపిరి కదలిక ఆగింది. అన్నకు చెప్పలేదు. దవాఖాన దాకా నొక్కుతూనే కూర్చున్నాను.

శవాన్ని గల్లీకి తెచ్చేసరికి నర్సింగం పెద్దబాపు ఐసు బండికి ఫోన్ చేసేశాడు. ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. సోమలింగం డబ్బు కవరుతో సహా వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పొద్దుమూకేసరికి బండొస్తది మల్లేషూ," అన్నాడు పెద్దబాపు. "రేపు మాపటికి ఊర్లుంటరు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

మల్లేషన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. "బండి వద్దు."

"ఏంది?"

"ఈడ్నే తాపీ నది ఒడ్డున కాలుస్త. గా పైసలు సంధ్యకియ్యి. నేర్సుకోనీ."

పెద్దబాపు వంగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్విప్పుడు తెలివిల లేవు బిడ్డా. ఆమె తల్లి మొకం సూడొద్దా? మన రివాజు గది కాదు. సంఘం కట్టు..."

"శవం లేంది పైసలు కదలవంటిరి," అన్నాడు మల్లేషన్న. గొంతు పెంచలేదు. "ఇగో, శవం."

కింద ఎవరివో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. సోమలింగం కవరు నా వైపు చాపాడు. నా కళ్లలోకి చూడలేదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ అందుకుంది.

భాగ్యక్క తల్లి స్వరాజ్యం పెద్దమ్మకు ఫోన్‌లో వీడియో కాల్ చేశారు. మల్లేషన్న ఫోన్‌ను ముఖం మీదికి వంచి పట్టుకున్నాడు.

"జర దగ్గర పెట్టు," అంది ఆమె. "మబ్బు మబ్బు గొడ్తంది. ఎప్పుడు బయలెల్లుతున్నరు?"

అన్న చెప్పాడు. బండి లేదని, ఇక్కడే కాలుస్తున్నామని, డబ్బు దేనికి పోతోందో కూడా దాచకుండా చెప్పాడు. తెర మీద ఆమె ఇంటి దూలం కనిపించింది, తర్వాత ఫోన్ ఆగిపోయింది.

తర్వాత గల్లీలో ఆడవాళ్లు నన్ను తప్పించుకుని నడిచారు. కడుపుతో ఉన్న ఒకామె నన్ను చూసి కొంగు పొట్ట మీదికి లాక్కుంది. పిల్లను మా అమ్మ చూసుకుంటోంది, డబ్బా పాలు పడుతోంది. వజ్రమ్మవ్వను రెండిళ్ల వాళ్లు కాన్పుకు పిలిచారు. వెళ్లలేదు. నేను బయల్దేరే రోజు ఆమె గది ముందు ఆగాను.

"పోతున్నవా?"

"పోతున్ననవ్వా."

"గా బట్ట సంగతి ఆడ చెప్పు. నూలు బట్టనే సూసినోళ్లకు ఎర్కుండదు. నాకెట్ల ఎర్కలేదో ఆళ్లకట్లనే ఎర్కుండదు."

కరీంనగర్‌లో దిగి, ఇంకో బస్సు ఎక్కాలి. బస్టాండులో ఒకామె నన్నే చూస్తూ నా వైపు నడిచి వచ్చింది. ఫోన్ తెరలో చూసిన ముఖమే. నేను వస్తున్న రోజు మల్లేషన్న ఆమెకు చెప్పినట్టున్నాడు. చంకలో మూట ఉంది.

"నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా."

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "నా బిడ్డ రావాల్సిన తొవ్వల నువ్వచ్చినవు."

నేను ఫోన్ తీసి పిల్ల ఫోటో చూపించాను. ఆమె వేళ్లతో ఫోటోను పెద్దది చేసి నుదురు చూసింది, చెవులు చూసింది, చాలాసేపు చూసింది. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు కొంగుతో తెర తుడిచింది.

"నెలెల్లినంక తెస్తనన్నడు మల్లేషు. తెస్తడా?"

"తెస్తడు."

ఆమె మూటను నా చేతుల్లో పెట్టింది. "భాగ్య నాయిన పాత నూలు ధోవతులు. ఉడుకబెట్టి మెత్తగ చేసి పెట్టిన. కాన్పుకు పంపమన్నది. అటు పొయ్యేటోళ్లు దొరకలే. గీ పాత బట్టల కోసం మనిషిని పంపుడేంది, ఆడ నేసే ఊరే గదా, బట్టకేం కరువనుకున్న."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నేర్సుకో. మంచిగ నేర్సుకో. నా గడపలకు మాత్రం రాకు."

వెనక్కి తిరగకుండా జనంలోకి వెళ్లిపోయింది.

బస్సులో సామాన్లకు చోటు లేదు. మూటను ఒళ్లో పెట్టుకున్నాను. ఎండ కిటికీ మీద పడుతోంది. మూట ముడి మీద పెట్టిన చెయ్యి తీసి చూస్తే, అరచేతి చెమట నూలు బట్టలోకి దిగి అక్కడే నిలిచి ఉంది.