వరసలో నాలుగోవాడు

కానిస్టేబుల్ కొట్టులో అడుగు పెట్టేసరికి టైలర్ చేతిలో కత్తెర ఆగిపోయింది. పోలీసంటే అతనికి చిన్నప్పటినుంచీ భయం. ఖాకీ బట్ట కంటపడితే చాలు, చేయని నేరాలన్నీ గుర్తుకొచ్చేవి.

కానిస్టేబుల్ కొట్టంతా కలయజూసి, అతని మీసం దగ్గర చూపు నిలిపాడు.

"దొరికావయ్యా! పొద్దుట్నించీ బజారంతా గాలిస్తున్నాను. పద స్టేషన్‌కి."

"నేనేం చేశాను సార్?" టైలర్ కత్తెర కింద పెట్టేశాడు.

"ఏం చెయ్యలేదు, అందుకే రమ్మంటున్నాను. ఒకావిడ చేతిసంచి లాక్కుపోయినవాణ్ణి పట్టుకొచ్చాం. గుబురు మీసం వాడిది. వాణ్ణొక్కణ్ణే నిలబెట్టి వీడేనా అంటే కోర్టులో చెల్లదట. అలాంటి మీసాలవాళ్ళు పక్కన ఇంకో నలుగురు ఉండాలి. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తావు."

మూలన గుండీలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది. "పెళ్ళైన దగ్గర్నించీ ఆ మీసం తీసెయ్యమని మొత్తుకుంటున్నాను. విన్నారా?"

టైలర్‌కు భయం పోయి ఎక్కడలేని హుషారొచ్చింది. తన మీసం ఇన్నాళ్ళకు సర్కారుకు పనికొచ్చింది! అద్దంలో చూసుకుని, దువ్వుకుని, పెళ్ళికి వెళ్తున్నవాడిలా బయల్దేరాడు.

స్టేషన్ వెనక గదిలో అందరినీ గోడకు ఆనించి నిలబెట్టారు. బేకరీ ఆయన, బస్సు కండక్టరు, పోస్ట్‌మాన్, తర్వాత టైలర్, చివర అసలు దొంగ. దొంగ బస్సుకోసం ఆగినవాడిలా తాపీగా ఉన్నాడు. చెమటలు పడుతున్నది మిగతావాళ్ళకే.

"ఎవరూ నోరు మెదపకూడదు," అని ఇన్‌స్పెక్టర్ తలుపు తీయించాడు.

లోపలికి వచ్చిన మనిషిని చూడగానే టైలర్ గుండె జారిపోయింది. టీచరమ్మ! కిందటి చలికాలంలో కోటు కుట్టమని నీలం ఉన్ని బట్ట ఇచ్చిన టీచరమ్మ. ఎండలొచ్చాయి, వానలొచ్చాయి, మళ్ళీ చలి కూడా వచ్చింది. కోటు మాత్రం రాలేదు. అతను పైకప్పుకేసి చూస్తూ బిగుసుకుపోయాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కరినే దాటుతూ వచ్చి, అతని ముందు ఆగింది.

"ఇతనే! ఇతనే దొంగ!"

"సరిగ్గా చూడండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకేం చూడను? ఏడాదిగా ఈ మొహం కోసమేగా తిరుగుతున్నాను!"

"ఏడాదేంటమ్మా? మీ సంచి పోయింది మొన్నేగా?"

"సంచి సంగతి తర్వాత. ముందు నా కోటేదో చెప్పమనండి."

ఇన్‌స్పెక్టర్ కళ్ళెర్రజేశాడు. "కోటు కూడా కొట్టేశావా?"

"కొట్టెయ్యలేదు సార్," టైలర్ చేతులు జోడించాడు. "కుట్టలేదు."

టీచరమ్మకు ఇక పట్టపగ్గాల్లేవు. "వెళ్ళినప్పుడల్లా ఓ కథ! మొదటిసారి నాయనమ్మ పోయిందన్నాడు. అయ్యో పాపం అనుకున్నాను. రెండోసారీ నాయనమ్మే పోయింది. మర్యాదకి ఊరుకున్నాను. మూడోసారి వెళ్తే కొట్టు తాళం వేసుంది. ఏమయ్యాడని పక్క కొట్టాయన్ని అడిగితే, నాయనమ్మొచ్చి భోజనానికి లాక్కెళ్ళిందన్నాడు!"

దొంగ ఆపుకోలేకపోయాడు. ఎక్కిళ్ళలాంటి సన్నటి నవ్వొకటి కిచకిచమని బయటికొచ్చింది. గోడ పట్టుకుని మరీ నవ్వాడు.

టీచరమ్మ గిరుక్కున తిరిగింది. "ఆగండాగండి. ఈ నవ్వే! నా సంచి లాక్కుని సందు చివరిదాకా ఇలాగే నవ్వుకుంటూ పోయాడు. సంచి తీసింది ఇతను, ఇన్‌స్పెక్టర్ గారూ!"

దొంగ నోరు ఠక్కున మూతపడింది. "నేను నవ్వింది ఆయన నాయనమ్మకండీ," అని గొణిగాడు గానీ వినేవాళ్ళెవరు? గట్టిగా అడిగేసరికి, సంచి వాళ్ళ బావగారింటి అటక మీద ఉందని ఒప్పుకున్నాడు.

ఆ సందట్లో టైలర్ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

"ఎక్కడికి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కేసు తేలిపోయిందిగా సార్."

"సంచి తేలింది. కోటు తేలలేదు." ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. "ఆవిడ కోటు అయ్యేదాకా వీడి గుమ్మం కదలకు."

టీచరమ్మ కూడా వాళ్ళ వెంటే కొట్టుకు వచ్చింది. అడుగునున్న మూట విప్పితే నీలం బట్ట ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. కత్తెర కూడా పడలేదు.

"ఇదేంటయ్యా?" టీచరమ్మ ఆశ్చర్యపోయింది.

టైలర్ తల వంచుకున్నాడు. "ఖరీదైన బట్టమ్మా. ఉన్ని కోటు నేనెప్పుడూ కుట్టలేదు. కాదంటే చిన్నతనమని తీసుకున్నాను. తీరా కత్తెర పట్టుకుంటే చెయ్యి వణికింది. చెడగొడితే మీకేం చెప్పను?"

"ఆ మాటేదో మొదటిరోజే చెప్పాల్సింది. ఆ పెద్దావిడ ఉసురు పోసుకోవడం దేనికి?" టీచరమ్మ గొంతులో వేడి తగ్గింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "కానీ, కత్తిరించు. పాడైతే నా బట్టే పాడవుతుంది, ప్రాణం పోదుగా."

అతను కొలతలు మళ్ళీ తీసుకున్నాడు. ఊపిరి బిగబట్టి కత్తెర వేశాడు. తర్వాత చెయ్యి దానంతటదే నడిచింది. భార్య లైనింగు అందుకుంది. గుమ్మంలో కానిస్టేబుల్‌ను చూసి, కబుర్లకొచ్చేవాళ్ళంతా దూరంనుంచే మళ్ళిపోయారు.

మర్నాడు పొద్దువాలేసరికి కోటు పూర్తయింది. టీచరమ్మ తొడుక్కుని అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి కాస్త పొట్టి అంది. పొట్టే. అయినా విప్పలేదు, ఒంటిమీదే ఉంచుకుని వెళ్ళిపోయింది.

కానిస్టేబుల్ కూడా లేచి టోపీ పెట్టుకుంటుంటే, టైలర్ భార్య టీ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చింది.

"అన్నయ్యా, రేపు కూడా రాకూడదూ? మీరుంటే ఈయన కుర్చీలోంచి లేవట్లేదు."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. టైలర్ నవ్వలేదు. అతనప్పటికే ఇంకెవరిదో బట్ట మీద సుద్దగీత గీస్తున్నాడు.