అంగడి ఒక్కపొద్దు

"నా గిలాస రోడ్డు మీదికి ఎట్ల పోయింది?"

షబ్నమ్ వంటింటి గడపలో నిలబడి అడిగింది. ఫాయిజా గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు.

"నీళ్ల రంజన్ మీద పెట్టిన ఆపా. ప్లాస్టిక్‌ది పగిలిపోయింది."

"ఇంట్ల ఇంకోటి దొరకలేదా? నా పేరు చెక్కించిందే కావాల్నా? పైంగ దానికి గొలుసు గూడ కట్టినవట."

"చేతికందింది తీస్కపోయిన. పేరు చూడలే."

"చూడలేదంట! మూడే అక్షరాలాయె, కండ్లకు ఆనలేదా?"

పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అత్త అమీరున్నీసా నవ్వింది. "పోనియ్యవే. నీ పేరు మీద పదిమంది నీళ్లు తాగుతుంటే పుణ్యం నీకే గద."

షబ్నమ్ బాధ కూడా అదే. గిలాస మీద పేరు తనది. బజారంతా చెప్పుకునేది మాత్రం ఫాయిజా నీళ్లని.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు వాళ్లది. ముందు మామ మహబూబ్ అలీ పరుపుల దుకాణం, వెనక ఇల్లు. తల్లాడ నుంచి చిన్న కోడలుగా ఫాయిజా వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో తెలివైన పనికల్లా ఒక మాట పుట్టింది, 'ఫాయిజా దిమాగ్' అని. అత్త మందులు కలిసిపోతుంటే పొద్దుటి సీసాకు పచ్చ గుడ్డ, రాత్రి సీసాకు ఎర్ర గుడ్డ కట్టింది. ఫాయిజా దిమాగ్. పరుపుల్లో మిగిలిన దూదితో ఆటోవాళ్లకు సీటు మెత్తలు కుట్టిచ్చింది. ఫాయిజా దిమాగ్. ఎండలు ముదరగానే వారపు అంగడికొచ్చే ఆడవాళ్ల కోసం దుకాణం ముందు రంజన్ మట్టికుండ పెట్టి, దాని చుట్టూ తడి గోనెసంచి కట్టింది. ఇంక అడగక్కర్లేదు.

పెద్ద కోడలు షబ్నమ్ బీఎస్సీ చదివింది. ఆమె ఏలుబడిలో ఆ ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజు లేదు, పప్పులో పురుగు కనిపించిన రోజు లేదు. దాన్ని మాత్రం ఎవరూ దిమాగ్ అనలేదు.

అది చాలదన్నట్టు, బజారు వ్యాపారులు రంజన్ తీసేసి పెద్ద వాటర్ కూలర్ పెట్టిస్తామన్నారు. ఆ రోజే ఫాయిజాకు శాలువా కప్పుతారట. మామ ఇంకా సరేననలేదు. అంగడి అయ్యాక ఇంట్లో అందరినీ అడిగి చెబుతానన్నాడు.

అంగడి రోజు మామ దూది కోసం ఖమ్మం వెళ్లడంతో గల్లాపెట్టె దగ్గర షబ్నమ్ కూర్చుంది. అడవి పల్లెల ఆడవాళ్లు తెల్లవారే ఆటోలు దిగి దుకాణం మెట్ల పక్కన వరసగా సర్దుకున్నారు. చింతపండు, చీపుర్లు, అడ్డాకుల కట్టలు. ఎండ ఎక్కుతుండగా ఫాయిజా చెంబుతో నీళ్లు, ఇంకో గిలాస పట్టుకుని బయటికి వచ్చింది.

"తాగు ముత్తక్కా, చల్లగున్నయ్."

చింతపండు గంప ముందున్న ముత్తక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు ఒక్కపొద్దు బూబమ్మా."

ఫాయిజా వెంటనే వెనక్కి తగ్గింది. ఆ ఇంట్లో రోజా ఉపవాసాన్ని ఒక్కపొద్దనే అంటారు. ఒక్కపొద్దున్న మనిషిని రెండోసారి అడగటం తప్పు. ఈ ఆడవాళ్లలో చాలామంది అంగడి రోజున ఒక్కపొద్దుంటారని అత్త వారం వారం మెచ్చుకుంటూనే ఉంది. ముత్తక్క పక్కనున్న ఆమె గిలాస అందుకుంది కానీ, ఫాయిజా లోపలికి వెళ్లగానే ఆ నీళ్లు అడ్డాకుల మీద చిలకరించింది.

షబ్నమ్ చూసింది. కాసేపటికి ముత్తక్క కాగితం పొట్లం విప్పి మిరపకాయ బజ్జీ కొరకడం కూడా చూసింది.

రంజన్ సాయంత్రానికి ఖాళీ అవుతున్న మాట నిజమే. తాగుతున్నది ఆటోవాళ్లు, బేరానికొచ్చిన మగవాళ్లు. ఎవరి కోసం పెట్టిందో వాళ్లు చుక్క ముట్టడం లేదు. చిన్న కోడలి దిమాగ్ ఇంతేనా!

లేచి వెళ్లి మెట్టు మీద కూర్చుంది. "బజ్జీ తింటే ఒక్కపొద్దు పోదా ముత్తక్కా?"

ముత్తక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇది దేవుని ఒక్కపొద్దు గాదు బూబమ్మా. అంగడి ఒక్కపొద్దు. నీళ్లకే."

"ఎందుకు?"

"తాగితే యాడికి పోవాలె? మీ ఊర్ల చెట్టున్నదా, చాటున్నదా? మొగోళ్లకంటే గోడలున్నయ్."

పక్కనామె కోయ భాషలో ఏదో అంది. ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. ముత్తక్క కోడలు నాగలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. ఆమె ఒళ్లో చంటిపిల్ల పాలు అందక గింజుకుంటోంది. నాగలక్ష్మి పెదవులు ఎండి, పొట్టు లేచి ఉన్నాయి.

"బాలింతకు గూడ ఒక్కపొద్దేనా?"

"ఏం జేస్తం? పొద్దూకి ఇంటికి పొయ్యినంక తాగుతది."

"మరి ఫాయిజాకు చెప్పకపోయిన్రా?"

"అయ్యో, ఆ పిల్ల అంత ప్రేమగ తెచ్చిస్తుంటే! చెప్తే మొకం చిన్నబోతది."

ఆఖరికి వీళ్లకు కూడా ఫాయిజా ముఖమే ముఖ్యం. షబ్నమ్ లేచి వచ్చేసింది.

ఇంటి పక్క సందులోకి తలుపున్న బాత్రూమ్ ఒకటుంది. ఏళ్ల తరబడి అడిగి షబ్నమ్ కట్టించుకున్నది. తెల్ల టైల్స్, ఎప్పుడూ తాళం. ఫాయిజా పిల్లల్ని కూడా షబ్నమ్ అందులో కాలు పెట్టనివ్వదు. ఆ సాయంత్రం రొట్టెలు ఒత్తుతూ షబ్నమ్ దాని గురించి ఆలోచించకూడదనుకుంది. దాన్ని తెరిస్తే ఆడవాళ్లు తాగుతారు, మళ్లీ ఫాయిజా నీళ్లకే గదా పేరు! అంతకంటే నలుగురి ముందూ ఒక్క మాట అంటే చాలు. ఆ మాటను అటూ ఇటూ తిప్పి, నూరి, సిద్ధం చేసుకుంది.

అందరూ భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. మహబూబ్ అలీ పప్పుచారు పోసుకుంటూ, "కూలర్‌కు సరేనందామనుకుంటున్న. ఏమంటరు?" అన్నాడు.

"కూలర్ పెట్టినా ఆ ఆడోళ్లు తాగరు అబ్బా," అంది షబ్నమ్ మామతో. "ఇప్పుడు గూడ తాగుతలేరు. ఫాయిజా ఇచ్చిన నీళ్లు ఆకుల మీద చల్లుతున్నరు."

ఫాయిజా చేతిలో రొట్టె ఆగింది. ముఖం షబ్నమ్ ఊహించుకున్నట్టే చిన్నబోయింది. చూడటానికి బాగానే ఉంది, ఒక్క ముద్ద మింగేంత సేపు.

తర్వాత ఆ అంగడి ఒక్కపొద్దు ఎందుకో, నాగలక్ష్మి సంగతేమిటో కూడా చెప్పక తప్పలేదు.

"హాయ్ అల్లా!" అమీరున్నీసా బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "నేను రోజా అనుకొని వాళ్లకు దువా చేస్తుంటి గద!"

షబ్నమ్ భర్త మతీన్ నవ్వబోయి తల్లిని చూసి మానుకున్నాడు. ఫాయిజా కళ్లు తుడుచుకుంది. "నాకు తట్టనే లేదు ఆపా. ఇన్ని దినాలు చూసుకుంట గూడ..." అంటూనే తలెత్తింది. "అబ్బా, మన పెరట్ల ఓ మూలకు తడికలు కట్టిస్తే..."

మామ కళ్లు అప్పుడే మెరిశాయి. అత్త నోరు తెరవబోతోంది. ఇంకొక్క మాట పోతే ఇది కూడా ఫాయిజా దిమాగ్ అయిపోతుందని షబ్నమ్‌కు తెలిసిపోయింది.

"తడికలొద్దు," అంది గట్టిగా. "నా బాత్రూమ్ ఉన్నది."

"నీ బాత్రూమా?" మతీన్‌కు పొలమారింది. "మమ్ముల్నే రానియ్యవు గద!"

"మీరు కడుగుతరా? కడగరు. అందుకే రానియ్య." షబ్నమ్ మామ వైపు తిరిగింది. "వచ్చే అంగడి నుంచి పొద్దుగాలే సందు తలుపు తీసిపెడ్త అబ్బా. బకెట్ల నీళ్లు, సబ్బు, పిల్లకు పాలిచ్చుకోను ఓ ఎత్తుపీట, అన్ని నేనే చూస్త. కడిగేది గూడ నేనే. ఫాయిజా వాళ్లకు కడుపునిండ నీళ్లు తాపియ్యాలె. శాలువాలు ఎవరికన్న కప్పుకోన్రి. గని ఇది ఎవరి దిమాగ్ అని ఎవరన్న అడిగితే, పెద్ద కోడలిదని చెప్పాలె."