నున్నగా తీసిన గోడ

లిఫ్టు ఎదురుగా ఉన్న పన్నెండడుగుల గోడ మీద నేను తొమ్మిది రోజులు పనిచేశాను. ఆ ఐదంతస్తుల భవనంలో ఉండేవాళ్లంతా రోజూ నడిచే చోటది. రంగు మీద లప్పం, లప్పం మీద మళ్లీ రంగు, అలా ఏడు పొరలు గుట్టలు గుట్టలుగా వేసి, పైన తెల్ల లప్పాన్ని బ్లేడుతో ఎగుడుదిగుడుగా లేపాను. పదో రోజు సాయంత్రం నాలుగింటికి భవన సంఘం వాళ్లు చూడాలి. నచ్చకపోతే అక్కడ పెద్ద అద్దం బిగిస్తామని కార్యదర్శిగారు ముందే చెప్పారు. చిత్రకళలో పట్టా తీసుకున్నాక నాకు దొరికిన మొదటి పని ఇదే. మా ఇంట్లో పట్టా తీసుకున్న మొదటి మనిషినీ నేనే.

పదో రోజు నేను వెళ్లేసరికి నాన్న అక్కడున్నాడు. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు రంగులేసే మనిషి. నిచ్చెన మీద, తలకు తువ్వాలుతో, చేతిలో ఉప్పు కాగితం పట్టుకుని ఉన్నాడు. నేలంతా తెల్లటి పొడి. గోడలో ఎడమ సగం నున్నగా అయిపోయింది.

“వచ్చావా తల్లీ. ఈ లప్పం పెట్టినవాడెవడో కాళ్లతో పెట్టినట్టున్నాడు. నువ్వు బొమ్మ మొదలుపెట్టేలోగా నీకు పని తగ్గుతుందని పొద్దున్నే వచ్చి తీసేస్తున్నా.”

“నేనే పెట్టాను నాన్నా.”

“నువ్వా? నేను నేర్పింది ఇదేనా?”

“కావాలనే అలా పెట్టాను. అదే బొమ్మ.”

నాన్న నిచ్చెన దిగి కింది మెట్టు మీద కూర్చున్నాడు. “బొమ్మని గీకేశానా,” అన్నాడు మెల్లగా.

కోప్పడబోతే ఆయన చేతులు కనిపించాయి. నా కాలేజీ దరఖాస్తు మీద ఆయన వేలిముద్ర వేసినప్పుడు పక్కనే నీలం రంగు మరక కూడా పడింది. ఆ వేళ్లకు రంగు వదిలిన రోజు లేదు.

ఎంత పాడైందో చూద్దామని తడిగుడ్డతో పొడి తుడిచాను. తుడిచిన కొద్దీ కింది రంగులు బయటపడ్డాయి. నేను లేపిన ప్రతి గుట్టా అరిగి, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా వలయాలు వలయాలుగా కనిపించింది. నాన్న చెయ్యి గట్టిగా పడ్డచోట నీలం దాకా వెళ్లింది, మెత్తగా పడ్డచోట పసుపు దగ్గరే ఆగింది. నిచ్చెన జరిపిన ప్రతిచోటా ఆయన చెయ్యి అందినంత మేర ఒక అర్ధచంద్రం.

“లే నాన్నా. మిగతా సగం కూడా తీద్దాం.”

“నా మీద జాలిపడి అంటున్నావు.”

“జాలిపడేంత టైము లేదు. నాలుగింటికి వస్తారు.”

ఇద్దరం మొదలుపెట్టాం. “మోచెయ్యి కాదు, భుజం తిప్పు,” అని ఆయన. “అక్కడ ఆపు, ఎరుపు వచ్చేసింది,” అని నేను.

“ఇన్నేళ్లలో సగంలో ఆపమన్న యజమానివి నువ్వే,” అన్నాడు నాన్న. పొద్దున్నుంచి అప్పుడే నవ్వాడు.

నాలుగింటికి కార్యదర్శిగారూ, మూడో అంతస్తు మామ్మగారూ, మరో ఇద్దరూ వచ్చారు.

“కాగితం మీద చూపించింది ఇది కాదే అమ్మా,” అన్నారు కార్యదర్శిగారు.

“కాదండి. మా నాన్న తెలియక సగం గీకారు. నేను వేసినదానికంటే అదే బాగుందనిపించి మిగతాది ఇద్దరం కలిసి చేశాం. మీకు వద్దంటే పది రోజుల్లో మొదటిలాగే చేసిస్తాను.”

ఆయన అద్దం మాట ఎత్తబోయారు. ఈలోగా మామ్మగారు గోడ మీద చెయ్యి వేసి, దాన్ని పట్టుకుని లిఫ్టు దాకా నడిచారు.

“రోజూ ఇలాగే వెళ్తాను. మొన్న ఏమైందో చూడు,” అంటూ అరచేయి చూపించారు. గీరుకుపోయిన గుర్తులున్నాయి. తొమ్మిది రోజులూ ఆవిడ నా పక్కనుంచే వెళ్లారు, నేను గోడనే చూశాను. “ఇప్పుడు హాయిగా ఉంది.”

“మరి అద్దమండీ?” అన్నారు కార్యదర్శిగారు.

“నా మొహం ఇంట్లో చూసుకుంటాలే నాయనా.”

కార్యదర్శిగారు నవ్వేశారు. “సరే, ఉంచండి. కింద మూల పేరు రాయమ్మా.”

నా పేరు రాశాక నాన్న బొటనవేలికి నీలం రంగు పూసి, పక్కన ముద్ర వేయించాను. ఆయన దాన్ని వంగి చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీశాడు.

“అంచు చెదిరింది. తుడిచి మళ్లీ వెయ్యనా?”

“తుడవకు నాన్నా,” అన్నాను.